చెప్పినవారు, వ్రాసినవారు

రెండేళ్ల క్రితం కంటి వైద్యులు నాకు నీటికాసుల వ్యాధి ఉన్నదని తేల్చి చెప్పారు. శుక్లమైతే తీసివేయించుకోవచ్చును, నీటికాసుల వలన పోయిన చూపు మాత్రం తిరిగి రాదు, ఉన్నదానిని చుక్కల మందుతో కాపాడుకోవలసినదే. ఈ వ్యాధి చూపును అంచుల నుండి తింటూ వస్తుంది. పుటలో పంక్తి మధ్యభాగం కనబడుతుంది గాని, పంక్తి ఎక్కడ మొదలైనదో వెదకుకోవలసి వస్తుంది. తెలుగు పండితుడిగా ముప్ఫై ఏళ్లకు పైబడి పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత పాత కావ్యాలు పునర్ముద్రించే ఒక చిన్న ప్రచురణకర్తకు ఇంటి వద్దనే అచ్చు ప్రతులు దిద్దిపెడుతున్నవాడిని. ఫారానికి ఇంత అని ఇచ్చేవారు. పైకం స్వల్పమే అయినా, నెలకొకసారి అది చేతికి వచ్చినప్పుడు నేనింకా పనికివచ్చే మనిషినేనన్న ధైర్యం ఉండేది.

చూపు తగ్గిన తరువాత ఆ పని చేయవచ్చునా, మానవలెనా అన్న ప్రశ్న వచ్చింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం కేటాయింపు కల్పించింది. మంచిదే. కాని ఉద్యోగ వయస్సు దాటినవానికి ఆ కేటాయింపుతో ఏమి పని? అరవై దాటిన తరువాత ఒక ఇంద్రియం మొరాయించినవాడు ఇంట్లో కూర్చుని ఏమి చేయగలడన్నది చట్టం తీర్చగలిగిన సందేహం కాదు. అందుచేత నాకు అలవాటైన దారినే పట్టి, పూర్వులేమి చేశారో చూద్దామని చరిత్ర తిరగవేయడం మొదలుపెట్టాను. వెదకినకొద్దీ ఒక విషయం తేటతెల్లమైంది. ఆ మహానుభావుల కథలన్నీ మనం సగమే చెప్పుకుంటున్నాము. ఆ రెండవ సగం కోసమే ఈ టపా.

కళ్లు పోయిన కవి అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవాడు మిల్టన్. 1608లో లండనులో జన్మించిన ఆయన 1649లో క్రామ్వెల్ పక్షపు ప్రభుత్వంలో విదేశీ వ్యవహారాల లాటిను కార్యదర్శిగా చేరాడు. 1652 నాటికి చూపు పూర్తిగా పోయింది. అయినా సహాయకుల తోడుతో ఉద్యోగం సాగించాడు. 1657లో ఆండ్రూ మార్వెల్ అనే కవి ఆయనకు సహాయకుడుగా వచ్చాడు. 1660లో రాజరికం తిరిగి వచ్చేసరికి ఉద్యోగం పోయింది, కొంతకాలం చెరసాల కూడా తప్పలేదు. ఆ తరువాత ఇంటిపట్టున ఉండి పారడైజ్ లాస్ట్ మహాకావ్యాన్ని ముగించాడు. రాత్రివేళ మనస్సులో పంక్తులు కూర్చుకొని, తెల్లవారగానే వ్రాసిపెట్టేవారి కోసం ఎదురుచూసేవాడట. ఎవరైనా రావడం ఆలస్యమైతే, పాలు పితకవలసిన ఆవులాగా ఉన్నానని విసుక్కునేవాడని ఆనాటివారు వ్రాసిపెట్టారు. 1667 ఏప్రిల్ 27న శామ్యూల్ సిమన్స్ అనే ముద్రాపకునితో ఒప్పందం కుదిరింది. చేతికి 5 పౌండ్లు. మొదటి ముద్రణలో 1,300 ప్రతులు అమ్ముడైతే మరి 5 పౌండ్లు. మహాకావ్యానికి ముట్టిన రొక్కం అది.

మన పాఠ్యపుస్తకాలలో ఇంతవరకే ఉంటుంది. మిల్టన్‌కు ముగ్గురు కుమార్తెలు. పెద్దామెకు అంగవైకల్యమూ, మాట స్పష్టంగా రాకపోవడమూ ఉండడం వలన ఆమెను విడిచిపెట్టి, తక్కిన ఇద్దరి చేత ఆయన పుస్తకాలు చదివించుకునేవాడు. హీబ్రూ, గ్రీకు, లాటిను, ఇటాలియను, స్పానిషు, ఫ్రెంచి భాషలలో ఏ గ్రంథం కావలసివస్తే దానిని వారు ఉచ్చారణ తప్పకుండా చదవాలి. ఆ భాషలలో ఒక్కదానికైనా అర్థం మాత్రం వారికి తెలియదు; చెప్పలేదు. ఈ సంగతి వ్రాసినవాడు పగవాడు కాడు, మిల్టన్ మేనల్లుడు, స్వయంగా ఆయన దగ్గర చదువుకున్న ఎడ్వర్డ్ ఫిలిప్స్. ఆడవారికి ఒక నాలుక చాలునని మిల్టన్ పరిహాసమాడేవాడని కూడా ప్రతీతి. ఆ మేనల్లుళ్లకు తానే గురువై అన్ని భాషలూ నేర్పిన పండితుడు, కూతుళ్ల నోళ్లను మాత్రం అద్దెకు తెచ్చుకున్న కళ్లజోడులాగా వాడుకున్నాడు. వేదం వల్లించినా అర్థం ఎరుగనివానిని బరువు మోసేవానితో పోల్చిన సంప్రదాయం మనది. ఆ పిల్లలు మోసిన బరువు ఎంతటిదో ఊహించుకోవచ్చును. వారు తండ్రిపై విసిగిపోయారంటే ఆశ్చర్యమేమున్నది?

దీనికి నూరేళ్ల తరువాతి సంగతి. లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త పేరు లెక్కల మాష్టార్లందరికీ తెలుసు. యౌవనంలోనే కుడికన్ను చూపు పోయింది. 1766లో, 59వ ఏట, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గుకు తిరిగి వచ్చిన తరువాత రెండవ కంటికి శుక్లం వచ్చింది. 1771లో శస్త్రచికిత్స జరిగింది గాని, చూపు నిలువలేదు. 1783లో మరణించేవరకు ఆయన చేసిన పనంతా చెప్పి వ్రాయించినదే. ఆయన మొత్తం రచనలలో సుమారు సగం ఈ చివరి పదిహేడేళ్లలోనివంటే నమ్మబుద్ధి కాదు. కుమారుడు, శిష్యులు పక్కన కూర్చుని వ్రాసేవారు. అకాడమీ జీతం వస్తూనే ఉండేది కాబట్టి కూటికి లోటు లేదు.

ఆ రోజుల్లోనే ఆయన బీజగణితం మీద ఒక ప్రవేశగ్రంథం చెప్పి వ్రాయించాడు. వ్రాసినవాడు పండితుడు కాడు, శిష్యుడూ కాడు. బెర్లిను నుండి వెంట తెచ్చుకున్న పనివాడు, వృత్తిచేత దర్జీ. లెక్కలలో అతనికి ఉన్న జ్ఞానం అంతంతమాత్రమే. ఆయిలర్ అతనికి అర్థమయ్యేటట్లు మెట్టు మెట్టుగా చెబుతూ పోయాడు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ దర్జీ కుర్రవాడు కఠినమైన బీజగణిత సమస్యలను ఎవరి సహాయమూ లేకుండా చేయగలవాడయ్యాడని ఆ గ్రంథపు పీఠికలో ఉన్నది. వ్రాయసకాడు విద్యార్థి కావడం చేతనే ఆ పుస్తకం అంత సులభంగా తయారైంది. అటుపై ఎన్నో దేశాలలో ఎందరో పిల్లలు దానితోనే బీజగణితం నేర్చుకున్నారు.

నన్ను అన్నిటికన్న ఎక్కువ కదిలించిన కథ జపానుది. క్యొకుతెయ్ బాకిన్ 1767లో ఎడో నగరంలో, అనగా నేటి టోక్యోలో, ఒక చిన్న సమురాయ్ కుటుంబంలో పుట్టాడు. కొలువు విడిచిపెట్టి రచయిత అయ్యాడు. చెప్పుల దుకాణం నడిపే ఒక వితంతువును 1793లో పెండ్లాడాడు. పుస్తకం వ్రాసి, ప్రచురణకర్తల వద్ద ప్రతిఫలం తీసుకొని, దానితోనే సంసారం గడుపుకొన్న జపాను రచయితలలో మొదటి తరంవాడు. 1814లో, 47వ ఏట, హక్కెన్‌దెన్ అనే బృహత్కథ మొదలుపెట్టాడు. సతోమి వంశానికి అండగా నిలిచిన ఎనిమిదిమంది వీరుల కథ. ఒక్కొక్క వీరుని వద్ద ఒక్కొక్క మణి; మణిపై దయ, ధర్మం, మర్యాద, వివేకం మొదలైన సద్గుణాలలో ఒకదాని పేరు. భాగాలు భాగాలుగా ఏటేటా వెలువడుతూ వచ్చిన ఆ కథ ముగియడానికి 28 ఏళ్లు పట్టింది. 98 భాగాలు, 106 పుస్తకాలు.

కథ సగంలో ఉండగా కష్టాలు కట్టకట్టుకొని వచ్చాయి. 1834 నాటికి కుడికన్ను పోయింది. 1835లో వైద్యుడైన ఒక్కగానొక్క కుమారుడు మరణించాడు. ఇంట మిగిలినవారు భార్య, విధవరాలైన కోడలు ఒమిచి, మనుమలు. మనుమనికి చిన్నపాటి సమురాయ్ హోదా కొనిపెట్టడానికి సొమ్ము కావలసి, 1836లో తన డెబ్బయ్యవ ఏటి వేడుక జరిపి కానుకలు స్వీకరించాడు. అదీ చాలక ప్రాణప్రదమైన పుస్తక భాండాగారాన్ని అమ్ముకున్నాడు. పుస్తకాలవాడు పుస్తకాలు అమ్ముకోవడం ఎటువంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇంటివారు మందులు కూడా తయారుచేసి అమ్మేవారు. అంటే చూపు తగ్గుతున్న ముసలివాని కలమూ, మందుల పొట్లాలూ కలిసి ఆ ఇంటిని నడిపాయన్నమాట. 1840 వచ్చేసరికి రెండవ కన్నూ మసకబారి, తాను వ్రాసినది తానే చదువుకోలేని స్థితి వచ్చింది. కథ ఇంకా ముగియలేదు.

1841లో ఆయన కోడలిని పిలిచి, తాను చెబుతూ ఉంటే వ్రాయమన్నాడు. ఆమె ఒక వైద్యుని కుమార్తె, చదువురాని మనిషి కాదు. కాని ఆనాటి ఆడవారికి అబ్బిన చదువు జపాను అక్షరమాల వరకే. బాకిన్ రచనలో అడుగడుగునా చీనా లిపి అక్షరాలు, అవీ సామాన్యమైనవి కావు. ఆ లిపిలో ఒక అక్షరానికి ఎడమవైపు ఒక అంగం, కుడివైపు మరొక అంగం ఉంటాయి. ఏ అంగం పక్కన ఏది చేర్చాలో తెలియకపోతే అక్షరమే లేదు. పైపెచ్చు ఆ అక్షరం పక్కనే దాని ఉచ్చారణను చిన్న అక్షరాలతో సూచించాలి. కళ్లు లేని మామ, లిపి రాని కోడలు. ఎడమ ఇది, కుడి అది అని ఆయన నోటితో చెప్పాలి, ఆమె గీయాలి, గీసినది సరిగా ఉన్నదో లేదో చూసి చెప్పే దిక్కు లేదు. మన భాషలో ఒత్తు ఎరుగనివాని చేత, దీర్ఘం ఎరుగనివాని చేత పాణినీయం వ్రాయించినట్లు ఊహించుకోండి. ఒక్కొక్క అక్షరమూ, పదాల పొందికా ఆమెకు నేర్పుతూ వ్రాయించవలసి వచ్చిందని, అది తనకెంత కష్టమో ఆమెకూ అంత కష్టమైనదని బాకిన్ ఆ గ్రంథం చివర తానే చెప్పుకున్నాడు. ఆ సంవత్సరమే భార్య మరణించింది. అయినా పని ఆగలేదు. 1842లో చివరి భాగం అచ్చయింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

అక్కడితో ఆగలేదు. 1848లో బాకిన్ మరణించేవరకు ఆయన రచనలకు చేయి ఒమిచిదే. ఆ తరువాత ఆమె తన కోసం కలం పట్టి, 1858లో తాను మరణించేవరకు దినచర్య వ్రాసుకుంది. అది నేటికీ నిలిచి, అచ్చులోకి కూడా వచ్చింది. మిల్టన్ కూతుళ్లు చదివిన పుస్తకాలు వారికేమీ ఇవ్వలేదు. ఒమిచికి మామగారి పని ముగిసిన తరువాత కూడా అక్షరం మిగిలింది. ఈ తేడా చూచినప్పుడు, పాఠాలు చెప్పి బ్రదికినవాడిని కనుక, సిగ్గుతో తల వంచుకున్నాను. ఎందుకో చివర చెబుతాను.

మన ఇంటి సంగతులు కూడా చెప్పుకోవాలి కదా. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని (1867–1946) చిన్ననాటి నుండి రేచీకటి వేధించింది. పోగా పోగా చూపు పూర్తిగా పోయింది. ఆంధ్ర మిల్టన్ అని ఆయనను పిలుచుకున్నాము. మనల నవ్వించి, ఏడిపించిన ఆయన తన స్వీయచరిత్రను చూపు పోయిన తరువాత చెప్పి వ్రాయించారు. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. ఆయన బిరుదు మనకు కంఠతా వచ్చును. ఆయన చెబుతుండగా వ్రాసినవారి పేర్లు మనలో ఎందరికి వచ్చును?

ఇక గిడుగు రామమూర్తిగారు. పండిత శిక్షణ పొందే రోజుల్లో మా గురువులు కొందరు ఆయన పేరును ప్రతిపక్ష న్యాయవాది పేరులాగా పలికేవారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంతో ఉపాధ్యాయుడయ్యారు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్చుకోవాలన్న పట్టుదలతో, తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకొని, కొండలు తిరిగి, మాటలు సేకరించారు. మన్యం జ్వరం వచ్చింది. దానికి మందు ఆ రోజుల్లో క్వినైను ఒక్కటే. క్వినైను జ్వరాన్ని తగ్గించింది, వినికిడిని తీసుకుపోయింది.

1911లో, 48వ ఏట, ఆయన ఉద్యోగం నుండి విరమించారు. చెవులు వినబడని మనిషి, వ్రాతలో లేక మాటలో మాత్రమే బ్రతుకుతున్న ఒక భాషపై ఇంట కూర్చుని పనిచేయడమంటే విడ్డూరంగా తోస్తుంది. కాని చెవి పనిచేసే రోజుల్లో విన్నదంతా కాగితం మీద పట్టిపెట్టి ఉంచడం వలన, కొత్తగా వినవలసినది తగ్గి, విన్నదానిని క్రమంలో పెట్టుకోవలసిన పని మిగిలింది. ఆ పనికి కన్నూ, కలమూ చాలును. కుమారుడు సీతాపతిగారు కూడా సవర భాషలో కృషి చేసినవారే. తండ్రి విద్య కొడుకుకు అబ్బింది. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. నిఘంటువు నాటికి ఆయనకు 75 ఏళ్లు. బాకిన్ హక్కెన్‌దెన్ ముగించిన వయస్సే. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, డెబ్బయి దాటిన వయస్సులో ఇల్లూ ఊరూ విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ప్రజల నోటిమాటకు పట్టం కట్టాలని జీవితమంతా పోరాడినవారికి ఆ నోటిమాటే సరిగా వినబడేది కాదన్నది తలచుకున్నప్పుడల్లా, గ్రాంథికం పక్షాన నేను చేసిన వాదాలు నాకే చిన్నబోయి కనబడతాయి.

ఈ కథలన్నిటిలోనూ నాకు మూడు సంగతులు కనబడ్డాయి. మొదటిది, వీరిలో ఎవరూ ముసలితనంలో కొత్త వృత్తి వెదకుకోలేదు. ఉన్న వృత్తిలోనే, పోయిన ఇంద్రియంతో నిమిత్తం లేని భాగమేదో ఏరుకొని, దానిని తమ దగ్గర ఉంచుకున్నారు. ఆయిలర్‌కు లెక్క మనస్సులో ఉన్నది, కన్ను అందులో ఒక పనిముట్టు మాత్రమే. రెండవది, కూటికి ఏదో ఒక ఆధారం ఉన్నవారే నిలబడగలిగారు. ఆయిలర్‌కు జీతం, బాకిన్‌కు పుస్తకాలపై ప్రతిఫలమూ మందుల అమ్మకమూ. పారడైజ్ లాస్ట్ ఇచ్చిన 5 పౌండ్లతో మిల్టన్ ఇల్లు నడిచి ఉండదు. వికలాంగునికి ప్రతిభ ఉంటే చాలునని ఉపన్యాసాలలో చెప్పేవారు ఈ లెక్క దాటవేస్తారు. మూడవది, ఇంటివద్ద పని అంటే ఒక్కరి పని కాదు. ఇంట్లో మరొకరి పని కూడా.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. చూపు తగ్గిన తరువాత నేను అచ్చు ప్రతులు మానలేదు. మా కోడలి చేత చదివించుకోవడం మొదలుపెట్టాను. ఆమె చదివినది వాణిజ్యశాస్త్రం. ఇంటి పనీ, పిల్లల చదువూ చూసుకొని, మధ్యాహ్నం గంటన్నరసేపు నా పక్కన కూర్చునేది. ఆమె పద్యం చదవాలి, నేను వింటూ తప్పు పట్టాలి. ఇక్కడ చిక్కేమంటే అరసున్న చెవికి వినబడదు. ఱకారమూ రేఫమూ ఆమె నోట ఒకటే. పదం ఎక్కడ విరవాలో తెలియక ఆమె తడబడేది, నేను విసుక్కునేవాడిని. బడిలో ఏ పిల్లవానినీ అనని మాటలు కొన్ని ఆమెను అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చదివేది.

ఫిలిప్స్ మాటలు చదివించుకున్న రోజున, ఆ చదువుతున్నది కూడా ఆమే. మిల్టన్ కూతుళ్ల ఘట్టం పూర్తిచేసి, "ఇదేమిటి మావయ్యగారూ, అర్థం చెప్పకుండా చదివించడమేమిటి?" అన్నది. నన్ను ఉద్దేశించి అనలేదు. నిజంగా ఆ పిల్లల మీద జాలితో అన్నది. నేను మాత్రం చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మరునాటి నుండి అరగంట పాఠం, గంట పని. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతి. చంపకమాలకు 21, యతి పదకొండవది. గురులఘువులు వ్రేళ్లపై లెక్కించడం ఆమెకు వారంలో పట్టుబడింది. లెక్కల మనిషి కదా. అరసున్న వచ్చినచోట "అర" అనీ, ఱకారం వచ్చినచోట "బండి" అనీ చెప్పాలని ఇద్దరమూ ఒక ఒడంబడిక చేసుకున్నాము. మూడు నెలల తరువాత ఒకనాడు ఆమె చదువుతూ ఆగి, "మావయ్యగారూ, ఈ పాదంలో ఒక అక్షరం తక్కువ వచ్చిందండీ, యతి కుదరడం లేదు" అన్నది. మూలప్రతి తీయించి చూస్తే అచ్చులో ఒక "క" జారిపోయింది. నేను పట్టుకోలేకపోయిన తప్పు అది. నా చెవి అలవాటు చొప్పున లేని అక్షరాన్ని తానే పూరించుకొని పోయింది.

గత నెల ప్రచురణకర్తకు ఫోను చేసి, ఇకమీదట ప్రతిఫలంలో సగం మా కోడలి ఖాతాకు పంపవలసినదనీ, పుస్తకంలో దిద్దినవారి పేర్లు వేసేచోట ఆమె పేరు కూడా వేయవలసినదనీ కోరాను. ఆయన మంచివారే, కాని నవ్వి, "ఇంట్లోవారే కదండీ, రెండు ఖాతాలెందుకు?" అన్నారు. ఒమిచి కథ ఆయనకు మొదటి నుండి చివరి వరకు చెప్పాను. ఫోనులో పావుగంట పట్టింది. చివరికి పేరు ఎలా వ్రాయాలో చెప్పండి అన్నారు. ఫోను ఆమెకే ఇచ్చాను.

మీ ఇళ్లలోనూ, మీ ఊళ్లలోనూ ఇటువంటి చెప్పినవారు, వ్రాసినవారు ఉండే ఉంటారు. చెప్పినవారి పేర్లు ఎలాగూ దొరుకుతాయి. వ్రాసినవారి పేర్లు తెలిసినవారు దయచేసి తెలియజేయండి. మా కోడలు నాకు చదివి వినిపిస్తుంది.